నాటకాల్లోని దినపత్రికలు – ఒక గుమాస్తా పరిశీలన

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అంటే మనకు నకారా గారి కేసు. 1982లో ఇదే రోజున పెన్షను ఒకరి దయ కాదు, ఉద్యోగి హక్కు అని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు గురించి నాకన్నా బాగా చెప్పగలవారు ఈ వేదిక మీదే నలుగురున్నారు. నన్ను మాత్రం కార్యదర్శి గారు “భోజనాలకు ముందు ఒక పావుగంట, ఏదైనా తేలిక విషయం చెప్పండి గురువుగారూ” అన్నారు. టీవీ నాటకాల్లో కనిపించే దినపత్రికల గురించి చెబుతానన్నాను. ఆయన సంతోషించారు. చివరిదాకా తేలికగానే ఉంటుందని మాత్రం నేను హామీ ఇవ్వలేదు.

ఈ విషయం నాకెందుకు పట్టిందో ముందుగా మనవి చేస్తాను. నా సర్వీసులో ఎక్కువ భాగం ఒక జిల్లా కార్యాలయంలో గడిచింది. అందులో పదకొండేళ్ళు నాకు అప్పగించిన పని పత్రికల కత్తిరింపులు. పొద్దున్నే అందరికన్నా ముందు వెళ్ళి, తెలుగు పత్రికలూ ఇంగ్లీషు పత్రికలూ బల్లమీద పరుచుకుని, మా శాఖ మీద ఎక్కడ ఏ వార్త పడినా ఎర్ర పెన్సిలుతో గీత గీసి, కత్తిరించి, తెల్ల కాగితం మీద బంకతో అతికించి, ఆఫీసరు గారు కుర్చీలో కూర్చునేలోగా ఆయన బల్లమీద పెట్టాలి. కాగితం పైన నాలుగు గళ్ళు ఉండేవి. పత్రిక పేరు, తేదీ, ఎడిషను, పుట. ఈ నాలుగింట్లో ఒక్కటి ఖాళీగా ఉన్నా మా సూపరింటెండెంటు గారు కాగితాన్ని నా మీదకే విసిరేవారు. “ఊరూ పేరూ లేని కాగితానికి జవాబెవడు రాస్తాడయ్యా?” అనేవారు. ఆయన ఇప్పుడు లేరు. ఆ మాట మాత్రం నా చెవిలో ఉండిపోయింది. దాంతో ఎక్కడ దినపత్రిక కనిపించినా, హోటల్లో ఇడ్లీ కట్టిన కాగితమైనా సరే, ముందు పేరూ తేదీ చూడటం నాకు రోగమైపోయింది.

2019 అక్టోబరులో అమెరికాలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్ళి 2020 ఫిబ్రవరి చివరి దాకా ఉన్నాం. చలికాలం. బయట అడుగు పెడితే ముక్కు ఊడిపోయేటట్టుంది. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు పోతే, మనవడు బడికి పోతే, మా ఆవిడ వంటింట్లో, నేను టీవీ ముందు. అక్కడివాళ్ళ మాట నాకు సరిగ్గా పట్టుబడదు. తెర కింద ఇంగ్లీషు అక్షరాలు పడేటట్టు కోడలు ఏర్పాటు చేసి వెళ్ళేది. అలా చూసినవాటిలో నాకు బాగా నచ్చింది ‘లా అండ్ ఆర్డర్’ అనే నాటకం. మొదటి సగం పోలీసు దర్యాప్తు, రెండో సగం కోర్టు వాదన. నోటు ఫైలు, కరెంటు ఫైలు లాగా రెండు భాగాలుగా సాగుతుంది. 1990 సెప్టెంబరులో మొదలై 2010 దాకా నడిచింది. నేను చూసినవి పాతవాటి పునఃప్రసారాలు. తర్వాత 2022లో మళ్ళీ మొదలుపెట్టారు.

ఈ నాటకానికి పిల్లలు పుట్టాయి. 1999లో ఒకటి, 2001లో ఇంకొకటి. అన్నీ న్యూయార్కు నగరంలోనే జరుగుతాయి. ఒకదాంట్లోని ప్లీడరు ఇంకోదాంట్లో వాదిస్తాడు, ఒకదాంట్లోని పోలీసు ఇంకోదాంట్లో తొంగిచూస్తాడు. బాల్టిమోర్ నగరం మీద ‘హోమిసైడ్’ అనే మరో నాటకం ఉండేది. అది 1999లో ముగిసింది. అందులో మంచ్ అనే డిటెక్టివ్ అదే సంవత్సరం న్యూయార్కు నాటకంలో డ్యూటీలో చేరాడు. సర్వీసు బ్రేకు లేకుండా అంతర్ జిల్లా బదిలీ! మనలో ఎంతమందికి అంత సులువుగా దొరికిందో చెప్పండి. ఆ వేషం వేసిన రిచర్డ్ బెల్జర్ అనే నటుడు 2023లో కాలం చేశాడు.

ఇన్ని నాటకాల మధ్య తిరుగుతున్న ఇంకో పాత్రను నా కన్ను పట్టుకుంది. దానికి నటుడు లేడు. అదొక దినపత్రిక. పేరు ‘న్యూయార్క్ లెడ్జర్’. ఎవరైనా పెద్దమనిషి అరెస్టయితే లెడ్జర్‌లో వస్తుంది. విలేకరి ఫలానా రహస్యం బయటపెట్టాడంటే లెడ్జర్ విలేకరే. ఒక నాటకంలో చూసిన పేరు మరో నాటకంలో చూసేసరికి నాకు నమ్మకం కుదిరింది. ఒక శనివారం మా అబ్బాయితో “ఒరే, ఈ లెడ్జర్ పత్రిక ఇక్కడ దొరుకుతుందా? ఒక ప్రతి తెచ్చిపెట్టు, ఊరికి పట్టుకెళ్తాను” అన్నాను. వాడు వెతికి చూసి, నవ్వి, “నాన్నా, అది టీవీలో తప్ప ఎక్కడా లేదు” అన్నాడు.

పదకొండేళ్ళు కత్తిరింపులు చేసినవాణ్ణి, లేని పత్రికను ఉందనుకున్నాను. కొంచెం నామోషీగానే అనిపించింది. అయితే తర్వాత చదివి తెలుసుకున్నదేమిటంటే, ఆ పేరు పూర్తిగా గాలిలోంచి ఊడిపడింది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో రాబర్ట్ బానర్ అనే ఆయన అదే పేరుతో నిజంగానే ఒక వారపత్రిక నడిపాడు. ఫానీ ఫెర్న్ అనే రచయిత్రికి ఒక్కో వ్యాసానికి వంద డాలర్లు ఇచ్చేవాడు. ఆ రోజుల్లో అది గొప్ప వింత. 1859లో చార్లెస్ డికెన్స్ చేత కూడా కథ రాయించుకున్నాడు. నాటకం వాళ్ళు దాన్ని చూసే ఈ పేరు పెట్టారని నేననను. కానీ బతికున్న ఏ పత్రికకూ తగలకుండా, వినగానే “ఔను, ఇలాంటి పత్రిక ఉండే ఉంటుంది” అనిపించే పేరు అది. ఇలాంటి పేరు దొరకడం తేలిక కాదండీ. మన సంఘం పత్రికకు పేరు పెట్టడానికే మూడు కార్యవర్గ సమావేశాలు పట్టాయి.

అసలు ఎందుకీ అవస్థ? న్యూయార్కులో నిజం పత్రికలకు కొదవా? ఒకటి కొని నటుడి చేతిలో పెడితే పోదా? పోదు. అచ్చయిన పేజీలో ఫోటో ఒకరిది, వ్యాసం ఒకరిది, ప్రకటన ఇంకొకరిది. తెరమీద చూపించాలంటే హక్కుదారుల అనుమతులు కావాలి. ఆ తలనొప్పి లేకుండా, నాటకాల కోసమే ఉత్తుత్తి పత్రికలు అచ్చువేసే ప్రెస్సులు అక్కడ ఉన్నాయి. లాస్ ఏంజెలెస్ నగరంలో ఎర్ల్ హేస్ ప్రెస్ అనే సంస్థ 1915లో మొదలైంది. మూకీ సినిమాల కాలం! పత్రికలు, సీసాల మీద లేబుళ్ళు, కార్ల నంబరు పలకలు, ఏది కావాలంటే అది అచ్చువేసి ఇస్తుంది. మన గవర్నమెంటు ప్రెస్సు లాగా, కాకపోతే అంతా అబద్ధం.

ఆ ప్రెస్సు అచ్చువేసిన ఒక పత్రిక కథ 2010లో బయటపడింది. నల్లటి పొడవు జుట్టు ఉన్న అమ్మాయి ఫోటో ఒక పేజీలో ఉంటుంది. ఆ పేజీ 1960లలో మొదట అచ్చయిందట. కాపీ ధర పదిహేను డాలర్ల దాకా. ఏ నాటకంలో ఏ ఇంటి పెద్ద పత్రిక విప్పినా అదే అమ్మాయి, అదే పేజీ. ఆసుపత్రి నాటకంలో అదే, సంసారపక్షం హాస్య నాటకంలో అదే. ఎడ్ ఓనీల్ అనే నటుడు 1987లో మొదలైన ‘మ్యారీడ్ విత్ చిల్డ్రన్’లో ఆ పత్రిక చదువుతూ కనిపిస్తాడు. 2009లో మొదలైన ‘మోడర్న్ ఫ్యామిలీ’లో, జుట్టు నెరిసి, తాతయ్య వేషంలో మళ్ళీ అదే పత్రిక చదువుతూ కనిపిస్తాడు. ఇరవై ఏళ్ళు దాటినా ఆయనకు పత్రిక చదవడం పూర్తి కాలేదన్నమాట. మా ఆవిడకు చెబితే “మీరూ అంతేగా, ఆ అమ్మాయి ఫోటో ఉంటే!” అంది. ఈ వాక్యాన్ని అచ్చులో తీసేయమని సంపాదకులను కోరాను. వారు ఒప్పుకోలేదు.

ఆ ప్రెస్సు పేజీ సంగతి వేరు, లెడ్జర్ సంగతి వేరని గమనించాలి. అక్కడ ఒకే కాగితం ఎవరూ చూడరులే అన్న ధీమాతో ఊరూరా తిరుగుతుంది. ఇక్కడ పేరును కావాలనే కాపాడుకుంటారు, చూసేవాళ్ళు గుర్తుపట్టాలనే. ఒకే పత్రికను చదివేవాళ్ళందరూ ఒకే ఊరివాళ్ళు కదా. నాటకాలు వేరైనా పత్రిక ఒకటే అయ్యేసరికి ఆ మనుషులందరూ ఇరుగుపొరుగయ్యారు. మనకు హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం వచ్చిన 1977లోనే అక్కడ ‘లూ గ్రాంట్’ అనే నాటకం మొదలైంది. అది పూర్తిగా ‘లాస్ ఏంజెలెస్ ట్రిబ్యూన్’ అనే కల్పిత పత్రిక కార్యాలయంలోనే జరుగుతుంది. అంతకుముందు ఏడేళ్ళు ఆ లూ గ్రాంట్ ఒక హాస్య నాటకంలో టీవీ వార్తల అధికారి. ఇంగ్లండులో 1960 డిసెంబరు నుంచి నేటికీ నడుస్తున్న ‘కొరొనేషన్ స్ట్రీట్’ అనే నాటకంలో వెదర్‌ఫీల్డ్ అనే ఊరే కల్పితం, కాబట్టి ఆ ఊరికో ‘వెదర్‌ఫీల్డ్ గెజిట్’ ఉంది. మన సీరియళ్ళలో మాత్రం మామగారు ఎప్పుడూ పత్రిక పేరున్న వైపు లోపలికి మడిచి పట్టుకుంటారు. పేరు కల్పించే శ్రమ కూడా తీసుకోరు.

సూపర్‌మాన్ కథ మనవళ్ళున్న ఇంట్లో అందరికీ తెలిసిందే. అతగాడు ఉద్యోగం చేసే పత్రిక ‘డైలీ ప్లానెట్’. 1938లో మొదటి కథ వచ్చినప్పుడు దాని పేరు ‘డైలీ స్టార్’. బొమ్మలు వేసిన జో షుస్టర్ చిన్నప్పుడు కెనడాలోని టొరంటోలో ‘డైలీ స్టార్’ పత్రికలు వీధిలో అమ్మాడు. ఆ అభిమానం. కానీ కథ పేరుపొంది నానా ఊళ్ళ పత్రికల్లో పడేసరికి, ఫలానా పత్రిక పేరు తగిలేటట్టు ఉండటం బాగుండదని 1940లో ‘ప్లానెట్’ చేశారు. 1952లో మొదలైన టీవీ నాటకంలో, 1993లో వచ్చినదాంట్లో, 2001లో వచ్చినదాంట్లో కూడా అదే పత్రిక. నటులు మారారు, పత్రిక మారలేదు. పర్మనెంటు ఉద్యోగి.

మా మనవడు చూసే ‘ఫ్లాష్’ అనే నాటకంలో ఇంకో విచిత్రం. 2014లో వచ్చిన మొదటి భాగంలోనే ‘సెంట్రల్ సిటీ సిటిజన్’ అనే పత్రిక చూపిస్తారు. దానిమీద తేదీ 25 ఏప్రిల్ 2024. పదేళ్ళు ముందుకు! హీరో మాయమైపోయాడని వార్త. తేదీ చూడగానే నేను “ఇదేమిట్రా, తప్పు పడిందా?” అన్నాను. “తాతయ్యా, అదే కథ” అన్నాడు వాడు. ఆ ఉపద్రవం కథ మేము అక్కడ ఉండగానే, 2019 డిసెంబరు నుంచి 2020 జనవరి దాకా, ఐదు నాటకాల్లో కలిపి చూపించారు. దానికోసం ఆ పత్రిక మీది తేదీని కథలోనే 2019 డిసెంబరు 10కి మార్చారు. తేదీ దిద్దిన రికార్డును నేను ఒప్పుకోనని వాదించాను. దిద్దుబాటు పక్కన పొట్టి సంతకం ఏది? అయినా 2024 ఏప్రిల్ 25 వచ్చినప్పుడు, ఇక్కడ ఎన్నికల వేడిలో అందరూ మునిగి ఉండగా, నేను మనవడికి ఫోను చేసి “మీ హీరో క్షేమమేనా?” అని అడిగాను. వాడు పదో తరగతికొచ్చాడు. తాతయ్యకు ఇంకా గుర్తుందని నవ్వాడు.

ఇంతవరకూ తేలిక విషయం. ఇప్పుడు రెండో భాగానికి వస్తాను.

కల్పిత పేర్లకు అనుమతుల గొడవ కన్నా పాత కారణం ఒకటుంది. 1932లో ఒక అమెరికన్ కంపెనీ రష్యాలోని రాస్పుటిన్ మీద సినిమా తీసింది. అందులో ఒక రాజకుమారికి అవమానం జరిగినట్టు చూపించారు. పేరు మార్చారు, కానీ చూసినవాళ్ళు ఇది నన్నే అనుకుంటారని ఇరీనా యూసుపోవ్ అనే నిజం రాజకుమారి లండన్ కోర్టుకెక్కింది. 1934లో ఆమెకు 25,000 పౌండ్ల పరిహారం దక్కింది. సినిమా మొదట్లో “ఇందులోని పాత్రలు కల్పితం” అని వేస్తారే, ఆ ఆనవాయితీ ఆ కేసు తర్వాతే బలపడింది.

దానికన్నా నన్ను పట్టుకున్న కేసు ఇంకొకటి ఉంది. 1908లో ఇంగ్లండులో ‘సండే క్రానికల్’ పత్రిక, ఫ్రాన్సు దేశపు సముద్రతీరంలో విహరించే ఇంగ్లీషువాళ్ళ మీద ఒక సరదా వ్యాసం వేసింది. అందులో ఆర్టెమస్ జోన్స్ అనే చర్చి పెద్దమనిషి పరస్త్రీతో తిరుగుతున్నాడని రాశారు. అటువంటి మనిషి ఎవరూ లేరనీ, పేరు కల్పించామనీ పత్రిక వాదన. కానీ ఆ పేరుతో నిజంగా ఒక బారిస్టరు ఉన్నాడు. తెలిసినవాళ్ళు ఆయనే అనుకున్నారు. కోర్టు 1,750 పౌండ్లు ఇప్పించింది. పత్రిక పైకోర్టులకు వెళ్ళినా లాభం లేకపోయింది. రాసినవాడి మనసులో ఎవరున్నారన్నది కాదు, చదివినవాడు ఎవరనుకున్నాడన్నది లెక్క అని తేలింది.

ఈ కేసు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో ఇప్పటిదాకా ఈ సంఘంలో ఎవరికీ చెప్పలేదు.

1979లో, కత్తిరింపుల సీటులోనే ఉండగా, ఒక రోజు పొద్దున ఒక పత్రికలో “లంచం తీసుకుంటూ పట్టుబడిన గుమాస్తా” అని శీర్షిక చూశాను. కింద నా పేరు. నా ఇంటిపేరు మొదటి అక్షరంతో సహా. పట్టుబడినవాడు వేరే తాలూకాలో, వేరే శాఖలో, నా పేరే ఉన్న మరో మనిషి. వార్త రాసినవాళ్ళు తాలూకా పేరూ వేయలేదు, శాఖ పేరూ వేయలేదు. జిల్లా పేరు ఒక్కటే వేశారు. నా పని నేను చేయాలి కదా. శాఖ పేరు లేని వార్త కాబట్టి మా ఆఫీసుకు సంబంధించినదే అయ్యుండవచ్చు. ఎర్ర పెన్సిలుతో గీత గీశాను. కత్తిరించాను. నా చేతులతోనే బంక రాసి అతికించాను. పేరు, తేదీ, ఎడిషను, పుట, నాలుగూ నింపాను. సూపరింటెండెంటు గారి ముందు పెడితే ఆయన చదివి, కళ్ళజోడు తీసి, నన్ను చూసి, “కూర్చో” అన్నారు. పదేళ్ళలో ఆయన నన్ను కూర్చోమన్నది అదే మొదటిసారి.

ఆఫీసులో పెద్ద ఇబ్బంది రాలేదు. నేను సీటులోనే ఉన్నానుగా, జైల్లో లేనుగా. ఇబ్బంది ఇంటి దగ్గర వచ్చింది. అప్పుడు మా చెల్లెలికి సంబంధం చూశాం. మాటలైపోయాయి, లగ్నపత్రిక రాయించాలి. మగపెళ్ళివారు ఒక కార్డు ముక్క రాశారు. “మరికొంత కాలం ఆగుదామనుకుంటున్నాము” అని. కారణం రాయలేదు. మా నాన్నగారు వాళ్ళ ఊరు వెళ్ళి అరుగు మీద కూర్చుని చెప్పుకున్నారు. వాళ్ళు మర్యాదగానే మంచినీళ్ళిచ్చి, “అచ్చులో పడింది కదండీ” అన్నారట.

పత్రికవారికి నేను మూడు ఉత్తరాలు రాశాను, రిజిస్టర్డు పోస్టులో. పన్నెండో రోజున నాలుగో పుటలో, కింద, ఒక టెండరు నోటీసు పక్కన రెండు పంక్తుల సవరణ వేశారు. దాన్నీ కత్తిరించాను. ఆఫీసు కాగితం మీద మొదటి దాని కిందే అతికించాను. ఇంకో ప్రతి కొని మా నాన్నగారికిచ్చాను. ఆయన దాన్ని చొక్కా జేబులో, కళ్ళజోడు కేసులో మడిచి పెట్టుకుని ఏడాది పాటు తిరిగారు. అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ చూపించేవారు. మడతల దగ్గర చిరిగిపోతే అమ్మ వెనక కాగితం అతికించింది. ఆ సంబంధం తప్పిపోయింది. రెండేళ్ళకు చెల్లెలికి వేరేచోట పెళ్ళయింది, దేవుడి దయవల్ల మనవలతో సుఖంగా ఉంది. నేను ఆ పత్రికను ఇక్కడ పేరు పెట్టి చెప్పడం లేదు. అందులో అప్పుడు పనిచేసినవాళ్ళు ఇప్పుడు లేరు, నాకు కోపమూ లేదు. కోపం లేదన్నాను కానీ, ఆ శీర్షిక ఎన్ని పంక్తులో, ఏ సైజు అక్షరాలో ఇప్పటికీ చెప్పగలను.

అందుకే టీవీలో లెడ్జర్ అనే లేని పత్రిక, లేని మనిషిని దొంగ అని రాస్తుంటే నాకు ఒక రకమైన ఊరట. అక్కడ ఎవరి నాన్నా అరుగుల వెంట తిరగనక్కర్లేదు. ఊరట అన్నాను గానీ, పూర్తి రక్షణ అని కాదు. అదే ‘లా అండ్ ఆర్డర్’లో 2003లో వచ్చిన ఒక భాగం చూసి, ఇందులో లంచగొండి ప్లీడరు తనలాగే ఉన్నాడని న్యూయార్కులోని ఒక భారత సంతతి న్యాయవాది దావా వేశారు. మొదటి పేరు ఒకటే, రూపు దగ్గర. కేసు కొట్టేయమని నిర్మాతలు కోరితే 2008లో అక్కడి కోర్టు నిరాకరించింది. పేరు మారిస్తే సరిపోదు, పోలిక కూడా చూసుకోవాలన్నమాట.

నిజం పత్రిక పేరు వాడిన నాటకాలూ ఉన్నాయి. 1996లో వచ్చిన ‘ఎర్లీ ఎడిషన్’లో ఒకతని గుమ్మం ముందు ప్రతి ఉదయం రేపటి ‘షికాగో సన్-టైమ్స్’ పడుతుంది. జరగబోయే ప్రమాదం ముందే చదివి ఆపడానికి పరుగెడతాడు. హాయిగా ఉంటుంది. 2008లో ‘ది వైర్’ అనే నాటకం చివరి భాగాల్లో ‘బాల్టిమోర్ సన్’ అనే నిజం పత్రిక పేరును, ఆ పత్రిక ఒప్పుకోలుతోనే వాడారు. తీసినాయన అదే పత్రికలో పూర్వం విలేకరి. తెరమీద సంపాదకులు చెడ్డవాళ్ళు. ఇది ఫలానా పాత సంపాదకుల మీద కసి అని అమెరికా పత్రికల్లో చాలా రోజులు చర్చ నడిచింది. నాకైతే లెడ్జరే మేలనిపించింది.

ఇక చివరి సంగతి. మొన్న వర్షాకాలంలో మన సభ్యులొకరు, పేరు చెప్పను, సెల్‌ఫోన్‌లో ఒక పత్రిక కత్తిరింపు తెచ్చి చూపించారు. డెబ్భై ఏళ్ళు దాటిన పెన్షనర్లకు అదనపు బకాయిలు ఒకేసారి చెల్లిస్తారనీ, వివరాలకు ఫలానా నంబరుకు ఫోను చేయాలనీ అందులో ఉంది. ఆయన అప్పటికే ఆధార్ ప్రతి, బ్యాంకు పుస్తకం ఫోటో పంపేశారు. అవతలివాడు ఫోనుకు వచ్చే అంకెలు చెప్పమంటున్నాడట. ఆయన ఆ అంకెల కోసమే ఎదురుచూస్తున్నారు. “మీరు పత్రికల సీటు చూశారుగా, ఇది ఏ పత్రికండీ?” అని నన్నడిగారు. డబ్బు గురించి కాదు, ఆ పేజీ మొత్తం చదువుదామని అడిగారు.

ఫోను తీసుకుని చూశాను. పైన పేరు లేదు. తేదీ లేదు. ఎడిషను లేదు. పుట సంఖ్య లేదు. పక్క కాలమ్‌లో సగం కనిపిస్తున్న వార్తలో ఒకే పేరా రెండుసార్లు ఉంది. నాటకాల ప్రెస్సువాడు ఎవరూ చదవరులే అని అదే ఫోటో మళ్ళీ మళ్ళీ వేసినట్టు. నాటకంవాడు లేని పేరు పెట్టి, ఇది కల్పితం అని ముందే చెప్పి చూపిస్తాడు. వీడు పేరే తీసేసి, నిజం పత్రిక మొహం తగిలించుకుని వచ్చాడు. “ఫోను పెట్టేయండి, అంకెలు చెప్పకండి” అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. “అచ్చులో పడింది కదండీ” అన్నారు.

నలభై ఏళ్ళ పైచిలుకు తర్వాత అదే మాట.

ఇద్దరం ఆటోలో బ్యాంకుకు వెళ్ళాం. మేనేజరు గారు మంచివారు, ఖాతా నుంచి డబ్బు బయటికి పోకుండా అప్పటికప్పుడు ఆపించారు. 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు రాయించాం. డబ్బు పోలేదు. ఆ నంబరు మీలో ఎవరి దగ్గర లేకపోయినా ఇప్పుడే రాసుకోండి, 1930. పెన్నులు లేనివాళ్ళకు కార్యదర్శి గారు ఇస్తారు.

ఇంటికొచ్చాక ఆ కత్తిరింపును మా మనవరాలి చేత కాగితం మీద అచ్చు తీయించాను. తెల్ల కాగితం మీద అతికించి, పాత అలవాటు ప్రకారం పైన నాలుగు గళ్ళు గీశాను. పత్రిక పేరు: లేదు. తేదీ: లేదు. ఎడిషను: లేదు. పుట: లేదు. దాన్ని మన సంఘం నోటీసు బోర్డు మీద పెట్టించాం. చేతులు కడుక్కోవడానికి వెళ్ళే దారిలోనే ఉంది, వెళ్తూ ఒకసారి చూడండి. సాంబారు చల్లారిపోతోందని వంటవారు సైగ చేస్తున్నారు.